చదివినందుకు ఫెయిల్

1

మీరు చదవలేదు.

సంతకం పెట్టారు, చదవకుండా. పైన సారాంశం పక్కన పచ్చ గీటు కనిపించింది, కింద వేలు ఆనించారు, పక్కనున్న టీ అందుకున్నారు. ఆ సంతకం నేరుగా వచ్చి మా వదిన మంచం పక్కనున్న మిషనులో కూర్చుంది. దాని కింద ఏమి రాసి ఉందో ఇవాళ్టికీ మీకు తెలియదు. తెలుసుకోకపోవడమే మీ అర్హత. దానికే మీకు సర్టిఫికెట్ ఇచ్చారు.

కోపం వచ్చిందా? మంచిది. నాకూ వచ్చింది. ఇద్దరం కోపంగానే మాట్లాడుకుందాం.

నా పేరు బెందాళం తన్మయి. యాభై మూడేళ్ళు. ఊరు నీలాలపేట, సముద్రం మూడో వీధి దాకా వచ్చి ఆగిన ఊరు. ప్రోగ్రాములు మనుషులు రాసే రోజుల్లో నేనూ రాసేదాన్ని. ఇప్పుడు యంత్రాలే రాస్తాయి. కాకపోతే ప్రాణంతో పనున్న ప్రతి ప్రోగ్రాము కిందా ఒక మనిషి సంతకం ఉండాలని చట్టం. ఆ సంతకం పెట్టేవాళ్ళనే ఇప్పుడు డెవలపర్లు అంటున్నారు. మీరన్నమాట.

ఏ రోజుకారోజు రాసుకున్న ఈ ముక్కల్ని మీ సంతకందారుల గ్రూపులో పెడుతున్నాను. తీసేస్తారని తెలుసు. తీసేసేలోపు ఒక్కరైనా చదవకపోతారా అని ఆశ.

2

పొద్దున్నే వదినను తూకం మీద నిలబెట్టాను.

"నిశ్చలంగా నిలబడండి," అంది మిషను, ఆ గ్రాంథికపు గొంతుతో.

"నిలబడక నాట్యం సేత్తానేటే, నీ జిమ్మడిపోను!" అంది వదిన. ఆమె పేరు లాస్య. మా తరంలో పేర్లు అలాగే ఉండేవి. ఇప్పటి పిల్లలకు మళ్ళీ గవరమ్మ, పోలమ్మ అని పెడుతున్నారు. లాస్య వదిన రేవులో చేపల పాట పాడుతుంది. వేలంపాట అనుకోండి. ఆమె గొంతు వినే రేవులో ధర లేస్తుంది. మా అన్న పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె, నేను.

ఆమె కిడ్నీలు ఆగిపోయి చాలా కాలమైంది. మా ఊళ్ళో ఇదేమీ వింత కాదు. ఒకప్పుడు ఇంటికో టీవీ ఉండేదంటారే, ఇప్పుడు రెండిళ్ళకో మిషను ఉంది. రోజూ నెత్తురు బయటికి తీసి, కడిగి, ఒంట్లో చేరిన నీటిని లాగేసి, మళ్ళీ లోపలికి పంపుతుంది. ఎంత నీరు లాగాలి? లెక్క సులువు. నీరు లేకుండా మనిషి ఉండాల్సిన బరువును మా ఊళ్ళో ఎండు బరువు అంటారు, ఎండు చేప లాగా. ఇవాళ్టి బరువులోంచి ఎండు బరువు తీసేస్తే మిగిలేది నీరు. అంతే లాగాలి. మా వీధిలో పలకా బలపం పట్టని ముసలమ్మలు కూడా ఈ లెక్క నోటితో చెప్తారు.

లెక్క మిషనే వేస్తుంది. రోగి వేలు పెట్టడానికి లేదు. మధ్యలో ఆపితే "అసంపూర్ణం" అని రాసుకుంటుంది. వరసగా రెండుసార్లు మానేసినా, అసంపూర్ణమైనా, కంపెనీ బండి వచ్చి మిషను ఎత్తుకుపోతుంది. క్రమశిక్షణ లేని రోగి అట.

మా ఊరి మిషన్లన్నిటికీ సంతకం గవరమ్మది. మా పక్కింటి పిల్ల, నన్ను పిన్నీ అంటుంది. ఊరికి ఒక్క సంతకమే ఉండటం మంచిది కాదని రెండో సంతకం కోసం నేను తొమ్మిదో మెట్టు సర్టిఫికెట్ పరీక్షకు కట్టాను. నా దగ్గర సర్టిఫికెట్లు లేక కాదు. పెట్టె నిండా ఉన్నాయి, అన్నీ చచ్చినవే. మిషనుకు కొత్త వెర్షను వచ్చిన కొన్నాళ్ళకే పాత సర్టిఫికెట్ చస్తుంది. మళ్ళీ ఫీజు, మళ్ళీ పరీక్ష.

"పెట్లో ఉన్నవి సాలవేటి? ఎండబెట్టి అమ్ముకుందుము," అంది వదిన గొట్టాలు తగిలించుకుంటూ.

3

సాయంత్రం తుఫాను షెల్టర్ మెట్ల మీద చదువు. చదువు అంటే ఏమనుకున్నారు? మీకు తెలియనిదేముంది, మీరూ ఇలాగే పాసయ్యారు. ప్రశ్నల పట్టీని కోరస్‌గా అప్పజెప్పడం. గవరమ్మ ముందు నిలబడి అడుగుతుంది, మిగతావాళ్ళం ఎక్కాల్లాగా అరుస్తాం.

"సారాంశం పచ్చగా ఉంటే?"

"ఆమోదం!"

"పసుపుగా ఉంటే?"

"పై మెట్టుకు!"

"ప్రోగ్రాము తెరవవచ్చునా?"

"తెరవవచ్చును, తెరవనక్కరలేదు!"

"తెరవవచ్చును అని చట్టంలో ఉంటే మరి తెరిచి చూడటం ఎందుకు నేర్పట్లేదు?" అని అడిగాను.

గవరమ్మ నవ్వింది. "పిన్నీ, దండం పెడతాను. నీ వాదన పరీక్ష అయినాక పెట్టుకుందుము. తెరిస్తే టైము తినీద్ది. టైము తింటే మార్కులు పోతాయి. సూపు కూడా కిందకి దిగకూడదు. కెమెరా సూత్తాది."

"చదవకుండా సంతకం పెట్టేవాడిని మా రోజుల్లో వేలిముద్రగాడు అనేవారు."

"ఇప్పుడు తొమ్మిదో మెట్టు డెవలపర్ అంటున్నారు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

4

ఫెయిల్.

ఎలా ఫెయిలయ్యానో వినండి. ప్రశ్నలన్నీ పచ్చ, పచ్చ, పచ్చ. నా వేలు కూడా మీ వేళ్ళలాగే పరిగెత్తింది. ఒక ప్రశ్న దగ్గర ఆగింది. అందులో ఉన్నది మా వదిన మిషను పేరు. ఈమధ్య వచ్చిన కొత్త వెర్షను. పరీక్షకు బొమ్మ ప్రోగ్రాములు తయారు చేయడానికి కూడా బద్ధకించి, ఊళ్ళలో నడుస్తున్నదాన్నే తెచ్చి పడేశారు. సారాంశం పచ్చగానే ఉంది: "మానేసిన రోజులకు మెరుగైన సర్దుబాటు." పక్కన చిన్న బాణం గుర్తు. తెరిచాను.

నాకు చదవడం వచ్చు. అదొక జబ్బు. పకోడీ పొట్లం విప్పినా ముందు ఆ కాగితం చదువుతాను.

ఒక రోజు మిషను మానేస్తే, ఆ రోజు లాగాల్సిన నీటిని గుర్తు పెట్టుకుని, తర్వాతి సారి లాగాల్సిన నీటికి కలుపుతోంది. ఇదీ వాళ్ళ మెరుగైన సర్దుబాటు. అయ్యా, అమ్మా, మానేసిన రోజు నీరు ఎక్కడికి పోయింది? ఒంట్లోనే ఉంది. ఇవాళ్టి బరువులోనే ఉంది. తూకంలో ఒకసారి వచ్చింది. మళ్ళీ కలపడం ఏమిటి? నాలుగు కిలోల నీరున్న మనిషి ఒంట్లోంచి ఆరు కిలోలు లాగితే, ఆ రెండు ఎక్కడి నుంచి వస్తాయి? నెత్తురులోంచి వస్తాయి.

నా చేయి ఆగలేదు. అలా కలిపే ఆ ఒక్క వరుసను కొట్టేశాను. తప్పు కనిపిస్తే దిద్దే చేతులండీ ఇవి, ఎన్నేళ్ళ అలవాటు!

తెర ఎర్రబడింది. "అనుమానాస్పద పఠనం. అనుమతి లేని దిద్దుబాటు. ఫలితం: అనుత్తీర్ణత." కొట్టేసిన వరుసను వాళ్ళు మళ్ళీ యథాస్థానంలో పెట్టారు. ఆ పని మాత్రం ఎంత శ్రద్ధగా చేశారో!

5

వదిన చేపలు తోముతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"నిన్న అమ్ముడుపోని చేప ఇవాళ గంపలోనే ఉంది. గంప మొత్తం తూకం వేశావు. వేశాక, నిన్నటి చేప బరువు మళ్ళీ కలిపితే?"

"కొన్నోడు సచ్చిపోతాడు."

"ఇక్కడ చచ్చేది నువ్వు వదినా."

విషయం చెప్పాను. ఆమె చేతిలో కత్తి ఆగింది. పోయిన అమావాస్య మర్నాడు ఆమె రేవులో పాట మధ్యలో కూలబడింది. పిక్కలు పట్టేసి, నాలుక ఎండిపోయి, కళ్ళు తేలేసింది. కంపెనీ డాక్టరు తెరమీద చూసి వడదెబ్బ అన్నాడు. ఊళ్ళో ఆరోజు ఇంకా చాలామంది పడిపోయారు. అమ్మవారికి కోపం వచ్చిందని కల్లు పోశారు.

అమావాస్య సంగతి మీకు చెప్పాలి. మా ఊళ్ళో అమావాస్యనాడు ఒంట్లోంచి నెత్తురు బయటికి పోకూడదంటారు. ఆ రోజు మిషనుకు సెలవు. పాత వెర్షను ఉన్నన్నాళ్ళూ ఆ సెలవు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మూఢనమ్మకం మీద నేను పాతికేళ్ళు వాదించాను; ఒక్కరూ వినలేదు. ఇప్పుడు కొత్త వెర్షను వచ్చింది. ఊరు ఊరంతా ఒకేరోజు మానేస్తుంది. మర్నాడు ఊరు ఊరంతటికీ ఆ మానేసిన రోజు నీటిని రెండుసార్లు లాగుతుంది.

"మళ్ళీ అమావాస్య ఎప్పుడే?" అంది వదిన. ఆమెకు తిథులు నాకన్నా బాగా తెలుసు. అయినా అడిగింది. ఆ అడగడంలో మొదటిసారి ఆమెకు భయం వేసిందని అర్థమైంది.

6

"సంతకం వెనక్కి తీసుకో," అన్నాను గవరమ్మతో.

"తీసుకుంటే మిషన్లన్నీ ఆగిపోతాయి పిన్నీ. నా సంతకం బతికున్నంతసేపే అవి తిరుగుతాయి. ఊరిని నా సేత్తోనే సంపమంటావేటి?"

"అయితే తెరిచి చూడు. చూసి, తప్పుందని పైకి రాయి."

"తెరిస్తే రికార్డయిపోద్ది. నాకు రెన్యువల్ దగ్గరకొచ్చీసినాది. ఎందుకు తెరిసినావు, నీకు సారాంశం మీద నమ్మకం లేదా అని అడుగుతారు." మెల్లగా అంది: "తెరిసినా నాకు అర్థమవుద్దో లేదో పిన్నీ. మాకెవులూ సదవడం నేర్పలేదు."

తొమ్మిదో మెట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్ల అంటున్న మాట ఇది. నేనేం తిట్టను? ఎవరిని తిట్టను? మీరు చెప్పండి. బండి నడపడం రాకుండా లైసెన్సు ఇచ్చినవాడిని తిట్టాలి కదా? మనం మాత్రం రోడ్డు మీద గుద్దినవాడిని తిట్టి ఇంటికి పోతాం.

ఆరోజు నుంచి షెల్టర్ మెట్ల మీద ఆమెకు చదవడం నేర్పుతున్నాను. కోరస్ లేదు. ఒక్కొక్క వరుస, ఇది ఏమి చేస్తోంది, ఎందుకు చేస్తోంది. చురుకైన పిల్ల. పాత ప్రోగ్రాములో ఒక పొరపాటు తానే పట్టుకుని "దొరికీసినాది!" అని ఎగిరి గంతేసినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

7

సర్టిఫికెట్లు ఇచ్చే అర్హతా మండలికి ఫిర్యాదు చేశాను. శౌర్య గారనే అధికారి తెరమీదికి వచ్చారు. నా వయసువారే. మర్యాదస్తుడు. మర్యాదస్తులతో వాదించడం ఎంత కష్టమో నా శత్రువులకు కూడా తెలియకూడదు.

"మేడమ్, ఆ ప్రోగ్రాములో తప్పుందని మీకెలా తెలిసింది?"

"చదివాను."

"చదివే అర్హత మీకుందా?"

"పరీక్షలో చదివాను."

"ఆ పరీక్షలో మీరు ఫెయిలయ్యారు కదండీ. అంటే చదివే అర్హత లేనివారు చదివారు. అర్హత లేనివారి ఫిర్యాదు మేము తీసుకోలేము. అర్హత ఉన్నవారెవరైనా చెబితే తప్పకుండా చూస్తాం."

"అర్హత ఉన్నవాళ్ళు ఎవరూ చదవరు కదండీ!"

"చదవకూడదని మేము ఎక్కడా అనలేదు మేడమ్."

నిజమే, ఎక్కడా అనలేదు. చదివినవాళ్ళకు మార్కులు కోస్తారు, చూపు కిందికి దిగితే పట్టుకుంటారు, టైము మించితే గెంటేస్తారు. చదవకూడదని మాత్రం ఎక్కడా అనలేదు. ఇంత శుభ్రమైన అబద్ధం చెప్పడానికి కూడా ఏదో సర్టిఫికెట్ ఉండే ఉంటుంది.

"మనుషులు చచ్చిపోతారు శౌర్య గారూ."

"మీ ఆవేదన నమోదు చేసుకున్నాం," అన్నారు. పాపం, నిజంగానే బాధపడుతున్నట్టు కనిపించారు. తెర ఆరిపోయింది.

8

ఇక మిగిలింది ఒకటే దారి. అమావాస్యనాడు మానకుండా చేయడం. ఎవరూ మానకపోతే కలపడానికి మిషను దగ్గర ఏమీ ఉండదు.

రేవులో నిలబడి నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. "చంద్రుడికీ మన నెత్తురుకూ సంబంధం లేదు" అనేసరికి సగంమంది వెళ్ళిపోయారు. వదిన నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది.

"ఒలే, నువ్వు ఊరుకో. నీ మాట వింతే ఉన్న బుద్ధి కూడా పోద్ది." వేలంపాట గొంతు లేచింది. "రండి రండి! లాస్య ప్రాణం పాటకెట్టినాను! అమావాస్యనాడు నాను మిషనెక్కుతున్నాను. అమ్మోరికి కోపమొత్తే ముందు నన్నే తింటాది. మర్నాడు నాను బతికుంటే మీకేటి, సచ్చిపోతే మీకేటి? బతికుంటే నెల నెలా ఎక్కుతారా లేదా? సెప్పండి! ఎవులు? ఒకటోసారి!"

"అలగయితే మాం కూడా నీతోనే ఎక్కుతాం గానీ, నువ్వొక్కదానివే పోవడమేటే?" అంది ఎవరో.

"రెండోసారి!"

చేతులు లేచాయి. నేను పాతికేళ్ళలో చేయలేని పని ఆమె ఒక పాటలో చేసింది. సంతోషించానా? సంతోషించాను. లోపల కొంచెం మండింది కూడా. ఇంటికి వస్తూ "సంద్రుడూ సంబంధమూ అంటావేటే, ఆల్లకి కావాల్సింది ఎవులో ముందెల్లడం," అంది. వాదనలో ఓడిపోయి ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

9

అమావాస్య ముందురోజు గవరమ్మ రెన్యువల్ పరీక్ష. షెల్టర్ బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చినప్పుడు చెప్పులు వేసుకోవడం మరిచిపోయింది.

"ఏమైంది?"

"అదే ప్రశ్న వచ్చినాది పిన్నీ. మన మిషను."

చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టాను.

"తెరిసినాను. నువ్వు నేర్పినట్టే ఒక్కో వరుసా సదివినాను. ఆ వరుస అక్కడే ఉన్నాది. నువ్వు సెప్పింది నిజమే." ఆమె గొంతులో గర్వం ఉంది. "తిరస్కారం నొక్కినాను. కారణం కూడా రాసినాను."

"మరి?"

ముంజేయి చూపించింది. సర్టిఫికెట్ బతికున్నంతకాలం అక్కడ వెలిగే పచ్చ గీటు ఆరిపోయి ఉంది. ఫెయిల్. సర్టిఫికెట్ చచ్చింది. సర్టిఫికెట్‌తోపాటు ఆమె సంతకం చచ్చింది. సంతకంతోపాటు నీలాలపేటలో మిషన్లన్నీ.

"ఆపీసినానా పిన్నీ? నాను ఆపీసినానా?" అని అదే మాట అడుగుతూ నిలబడింది. కాదమ్మా అన్నాను. ఇంకేమనాలి? చదవమన్నది నేను. ఆ పిల్లను చదివించి, దాని గీటు ఆర్పి, ఊరి మిషన్లు ఆపింది నేను. నిజం చదివితే గెలుస్తాం అని జీవితమంతా వాదించినదాన్ని. గెలవలేదు. చదివాం, అంతే.

10

అమావాస్య పొద్దున ఊరంతా తూకాల మీద నిలబడింది. అమ్మవారికి భయపడకుండా, తలంట్లు పోసుకుని, ధైర్యం చెప్పుకుని మరీ నిలబడింది.

మిషన్లు లేవలేదు. "చెల్లుబాటు సంతకం లేదు," అంతే. సెలవు మానుకున్న రోజున కంపెనీయే సెలవు ఇచ్చింది.

"అమ్మోరు కాదే, అంతకన్నా పెద్దామె ఎవులో ఉన్నాది," అంది వదిన. ఎవరూ నవ్వలేదు.

మానేసింది మేము కాదని మిషనుకు తెలియదు. అది తన పద్దులో అందరికీ "మానేశారు" అని రాసుకుంది.

11

పాడ్యమి పొద్దున మిషన్లు లేచాయి. కొత్త సంతకంతో.

ఆ సంతకం మీలో ఒకరిది. ఎక్కడో కూర్చుని, మా ఊరు ఏ దిక్కున ఉందో తెలియకుండా, గవరమ్మ తిరస్కారానికి రాసిన కారణం పక్కనే ఉన్నా తెరవకుండా, వేలు ఆనించారు. మా గవరమ్మ తన బతుకును పణంగా పెట్టి రాసిన ఆ రెండు వాక్యాలను చదవడానికి మీకు తీరిక లేకపోయింది. మీ పేరు నాకు తెలియదు. అందుకే అందరినీ తిడుతున్నాను.

వదిన తూకం ఎక్కింది. ఎక్కకపోతే రెండోసారి మానేసినట్టు; మిషను పోతుంది. ఎక్కితే లాగేస్తుంది. మధ్యలో ఆపితే అసంపూర్ణం, మిగిలింది మళ్ళీ రేపటికి కలుస్తుంది. ఎటు తిరిగినా గోడే. ఇది ఎవరో కుట్ర చేసి కట్టిన గోడ అయితే కనీసం ఆ మనిషి కాలర్ పట్టుకునేదాన్ని. ఎవరూ కట్టలేదు. అందరూ తలా ఒక ఇటుక చూడకుండా పెట్టారు.

ఆమె తూలింది. పడబోయి నా భుజం పట్టుకుంది. తూకం మీద అంకె తగ్గింది.

ఇద్దరం ఆ అంకె వంక చూశాం.

"మళ్ళీ ఆను," అన్నాను.

ఆనింది. తగ్గింది. గట్టిగా ఆనింది. ఇంకా తగ్గింది. తూకానికి తెలిసింది కాలి కింద బరువే. చేతి కింద బరువు ఎవరు మోస్తున్నారో దానికేం తెలుసు?

"నిశ్చలంగా నిలబడండి."

"ఉండవే ముండా, సరిపెడతన్నాను!" వదిన ముఖంలోకి రేవు వెలుగు వచ్చింది. "తూకంలో మోసం నాకు నేర్పుతావేటే? ఎంత తగ్గాల?"

"రెండు కిలోలు. అది ఎక్కువ కలపబోయేది అంతే."

కరెక్టుగా రెండు కిలోలు నా భుజం మీద పెట్టి ఊపిరి బిగబట్టింది. మిషను ఒప్పుకుంది. లాగాల్సినంతే లాగింది. ఆమె పడిపోలేదు. లేచి టీ అడిగింది.

గవరమ్మ, నేను వీధులెంట పరిగెత్తాం. ఇంటింటికీ ఇద్దరిద్దరు. అత్త భుజం మీద కోడలు, మొగుడి భుజం మీద పెళ్ళాం, పలకరింపులు లేని అన్నదమ్ములు కూడా ఒకరి భుజం మీద ఒకరు. ఎవరి మిషను ఎంత ఎక్కువ లాగబోతోందో గవరమ్మ నోటిలెక్క వేసి చెప్పింది. ఆరోజు మా ఊళ్ళో ఎవరూ కూలలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ. మీకూ హాయిగా ఉంటుంది. జనం ఎంత తెలివైనవాళ్ళో అనుకుని, చప్పట్లు కొట్టి, తర్వాతి సంతకానికి వెళ్ళిపోవచ్చు. ఆపను.

12

కంపెనీ నుంచి సందేశం. "మీ గ్రామంలో ఒకే ఉదయం బరువులు అసహజంగా తగ్గినట్టు గుర్తించాము. సామూహిక తూకపు అక్రమం." కిందటి నెల అమావాస్య మర్నాడు ఊళ్ళో అంతమంది పడిపోయినప్పుడు వాళ్ళకు అసహజం కనిపించలేదు. పడిపోకపోతే కనిపించింది.

ఊరికి హెచ్చరిక. తూకాలకు కెమెరాలు బిగించారు; ఇక భుజం పట్టుకోవడానికి లేదు. ముందే చదివి పట్టుబడినదాన్ని కాబట్టి, ఇక పరీక్షలు రాయకుండా నాకు జీవితకాల నిషేధం. ఆ నిషేధపు మనిషి ఉన్న ఇల్లు కాబట్టి మా ఇంటి మిషనుకు సీలు.

వదినకు పట్నంలో నెత్తురు కడిగే కేంద్రం చూపించారు. వెళ్ళాం. అక్కడ వరండా నిండా మా ఊరివాళ్ళ లాంటివాళ్ళే. వచ్చేవారం రమ్మన్నారు. వచ్చేవారం దాకా ఒంట్లో నీరు ఆగుతుందా అని అడిగాను. వాళ్ళ చేతిలో లేదన్నారు. నిజంగానే లేదు. ఎవరి చేతిలోనూ ఏమీ లేకుండా ఇంత పెద్ద లోకం ఎలా నడుస్తోందో నాకు అర్థం కాదు.

శౌర్య గారికి మళ్ళీ ఫోన్ చేశాను. అర్హత ఉన్నవాళ్ళు చెబితే చూస్తామన్నారు కదా, గవరమ్మ పరీక్ష రాసే నిమిషానికి అర్హత ఉంది కదా అన్నాను. "ఆ తిరస్కారం వల్లే ఆమె అర్హత పోయింది కదండీ," అన్నారు, ఇంకా మర్యాదగానే.

13

వదిన ముఖం ఉబ్బింది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. పడుకుంటే ఊపిరాడదు; కుర్చీలోనే కూర్చుంటోంది. రేవుకు వెళ్ళట్లేదు. రేవులో పాట వేరే ఎవరో పాడుతున్నారు. గాలివాటుకు ఆ గొంతు ఇంటిదాకా వస్తుంటే, "ధర సంపీసినాది, పాట రానిది," అని గొణుక్కుంటోంది.

గవరమ్మ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. నేను మీలో తెలిసిన ప్రతి సంతకందారుకూ రాశాను. తెరవండి, ఒక్క వరుస చూడండి అన్నాను. కొందరు దండం బొమ్మ పంపారు. ఒకాయన "మీ పోరాటానికి నా మద్దతు, నాకూ పిల్లలున్నారు" అన్నాడు. ఇద్దరు నన్ను బ్లాక్ చేశారు. ఒక్కరూ తెరవలేదు. మళ్ళీ అమావాస్య వస్తుంది. మా ఊళ్ళోనే కాదు, ఆ మిషను ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒక రోజు ఏదో కారణానికి మానేస్తారు. జ్వరమొచ్చి, పెళ్ళికెళ్ళి, కరెంటు పోయి.

ఇది రాస్తుంటే వదిన అడిగింది: "ఒలే, నా కోసం రాత్తున్నావా, ఆల్లని తిట్టడానికి రాత్తున్నావా?"

"రెండూ."

"తిట్టింది సాలు. పాటలోనైనా అంతే, అరుపు ముందు, ధర ఆకర్న. ధర సెప్పకుండా ఎంతసేపు అరిత్తావు? ఏటి కావాలో సెప్పీ." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నాకు ఓపిక అయిపోతన్నాది."

14

కావలసినవి:

ఒకటి. మానేసిన రోజు నీటిని మళ్ళీ కలిపే ఆ వరుసను అన్ని మిషన్లలోంచి తీసేయాలి.

రెండు. పాడ్యమినాడు నీలాలపేట మిషన్లకు సంతకం పెట్టిన డెవలపర్ ఆ ప్రోగ్రాము తెరవాలి. చదవాలి. చదివింది రాయాలి.

మూడు. పరీక్షలో ప్రోగ్రాము తెరిచి చదివినవారికి మార్కులు కోయకూడదు. తెరవనివారిని పాస్ చేయకూడదు.

నాలుగు. తొమ్మిదో మెట్టు దాకా వెళ్ళేవారికి చదవడం నేర్పాలి.

ఐదు. గవరమ్మ సర్టిఫికెట్ గవరమ్మకు తిరిగి ఇవ్వాలి.

ఆరు. సంతకందారు సర్టిఫికెట్ పోయినంత మాత్రాన మిషను ఆగకూడదు.

ఏడు. ఎంత నీరు లాగాలో తగ్గించే మీట రోగి చేతికి ఇవ్వాలి.

ఎనిమిది. మా ఇంటి మిషను సీలు తీయాలి. ఇవాళ.